నాన్నగారి పామ్ ఎం505లో డేటా ఎక్కడికి పోయింది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. మీ నాన్నగారు 2001లో అమెరికాలో ఉండగా కొన్న పామ్ ఎం505 (అడ్రసులు, అపాయింట్‌మెంట్లు రాసుకునే జేబు సైజు కంప్యూటర్) ఇన్నాళ్లకి అటక మీద పెట్టెలో దొరికింది, దాని చార్జింగ్ స్టాండుతో సహా. రాత్రంతా చార్జింగ్ పెడితే ఆన్ అయింది. కానీ ఆ రోజే కొన్నట్టు ‘వెల్‌కమ్’ అంది, తెర మీద ప్లస్ గుర్తుల్ని పుల్లతో తాకమంది. లోపల నాన్నగారి ఫోన్ నంబర్లు లేవు, రాసుకున్న మెమోలు లేవు. ‘బ్యాటరీ అయిపోతే ఫోను ఆగిపోతుంది గానీ అందులో ఉన్నవి పోవు కదా, ఇందులో ఎలా పోయాయి? వెనక్కి తెప్పించొచ్చా? నా ఫోను కూడా ఇరవై ఏళ్లు బీరువాలో పెడితే ఇంతేనా?’ అని మీరు అడిగారు.

చెడ్డ కబురు ముందే చెప్పేస్తాను. ఆ పరికరం లోపల ఉన్న డేటా పోయింది. దాచిపెట్టుకుని చూపించకపోవడం కాదు, నిజంగానే లేదు. ఏ రికవరీ షాపు వాడైనా ‘చిప్పు ఊడదీసి తీస్తాం’ అంటే నమ్మి డబ్బు కట్టకండి. కాకపోతే నాన్నగారి డేటాకి పామ్ ఒక్కటే ఇల్లు కాదు. ఆయన దాన్ని కంప్యూటర్‌కి కలిపి వాడి ఉంటే, ఆ కంప్యూటర్‌లో మొత్తం ఒక కాపీ ఉండి ఉంటుంది. మీరు వెతకాల్సింది అక్కడ. అదెలాగో కింద చెబుతాను. ముందు ఇది ఎందుకు జరిగిందో తెలియాలి, లేకపోతే వెతుకులాటలో పొరపాటు చేసి ఉన్నది కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఇప్పటి ఫోను డబ్బా మీద ‘8 జీబీ + 128 జీబీ’ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ర్యామ్, అంటే పని జరిగే చోటు. రెండోది స్టోరేజీ, అంటే సరుకు దాచే చోటు. ఫోను ఆగినప్పుడు మొదటిది ఖాళీ అవుతుంది, రెండోది అలాగే ఉంటుంది. మనకి ఈ విభజన ఎంత అలవాటైపోయిందంటే, ప్రతి యంత్రంలోనూ ఇలాగే ఉంటుందనుకుంటాం. మీ ఎం505 డబ్బా మీద ఒక్కటే అంకె ఉండేది: 8 ఎంబీ. ఆ 8 ఎంబీ ర్యామే. నాన్నగారి అడ్రసులు, అపాయింట్‌మెంట్లు, మెమోలు, ఆయన ఎక్కించుకున్న ప్రోగ్రాములు అన్నీ ఆ ర్యామ్‌లోనే ఉండేవి. అది కాక 4 ఎంబీ ఫ్లాష్ చిప్పు ఒకటి ఉంది గానీ అందులో ఉండేది పామ్ ఓఎస్, అంటే యంత్రాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, దాంతో వచ్చే ప్రోగ్రాములు. అందుకే బ్యాటరీ పూర్తిగా చచ్చినా యంత్రం మళ్లీ లేచి ‘వెల్‌కమ్’ అనగలిగింది. మనిషి లేచాడు, జ్ఞాపకాలు లేవు.

డేటా అంతా ర్యామ్‌లో పెట్టడం ఇప్పుడు వింటే పిచ్చిపనిలా ఉంటుంది. అప్పుడు కాదు. పామ్ కథ 1996లో పైలట్ 1000, పైలట్ 5000 అనే రెండు మోడళ్లతో మొదలైంది. ఒకదాంట్లో 128 కేబీ, రెండోదాంట్లో 512 కేబీ మెమరీ. ఎంబీ కూడా కాదు, కేబీలు. రెండు చిన్న ట్రిపుల్ ఏ సెల్సు మీద వారాల తరబడి నడవాలి, చొక్కా జేబులో పట్టాలి, బటన్ నొక్కగానే తెరుచుకోవాలి. దాన్ని రూపొందించిన జెఫ్ హాకిన్స్ పరికరం తయారు కాకముందే అదే సైజు చెక్కముక్క ఒకటి కోసి జేబులో పెట్టుకుని తిరిగేవాడు, మీటింగుల్లో తీసి దాని మీద రాస్తున్నట్టు నటించేవాడు. అంత పట్టుదలగా చిన్నదిగా, చవగ్గా చేయాలనుకున్నవాళ్లకి ఆ రోజుల్లో హార్డ్ డిస్కు కుదిరేది కాదు. ఫ్లాష్ చిప్పు ఉంది గానీ ఖరీదెక్కువ, పైగా అందులో రాయడం నిదానం.

ఇక్కడ ఈ రెండు రకాల చిప్పుల స్వభావం కొంచెం చూడాలి. పామ్‌లో ఉన్న ర్యామ్ డీ-ర్యామ్ అనే రకం. అందులో ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో, అంటే కరెంటు చార్జిని పట్టి ఉంచే భాగంలో, ఉండే చార్జి. అది చిల్లు కుండ లాంటిది. నింపిన మరుక్షణం నుంచే కారుతుంది. అందుకే మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకి పదిహేనుసార్లకి పైగా, ప్రతి కుండనూ చూసి మళ్లీ నింపుతూ ఉండాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. మీ నాన్నగారు పామ్ ఆఫ్ చేసి జేబులో వేసుకున్నప్పుడు తెర, ప్రాసెసర్ పడుకునేవి గానీ ఈ నీళ్లు పోసే పని మాత్రం ఆగేది కాదు. ఆ యంత్రం పుట్టిన రోజు నుంచీ బ్యాటరీ చచ్చే రోజు దాకా ఒక్కసారి కూడా నిజంగా ఆఫ్ కాలేదు. బ్యాటరీ చచ్చిన తర్వాత కుండలన్నీ ఖాళీ కావడానికి గంటలు కూడా పట్టదు, సెకన్ల లెక్క. ఇరవై ఏళ్ల తర్వాత చిప్పు ఊడదీసినా అందులో ఏమీ ఉండదని అందుకే అన్నాను.

ఫ్లాష్ వేరు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980లలో కనిపెట్టిన ఈ చిప్పులో చార్జిని చుట్టూ ఇన్సులేషన్ ఉన్న ఒక గదిలో బంధిస్తారు. మూత బిగించి గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ అనుకోండి. కరెంటు లేకపోయినా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కానీ జాడీతో ఒక చిక్కుంది. ఫ్లాష్‌లో ఉన్నదాని మీదే కొత్తది రాయలేం. ముందు చెరపాలి, చెరపడమేమో ఒక పెద్ద బ్లాకు మొత్తాన్ని ఒకేసారి చెరపాలి. ఒక ఫోన్ నంబర్లో ఒక్క అంకె మార్చాలన్నా, కొత్త కాపీని వేరే చోట రాసి, పాతదాన్ని చెల్లదని గుర్తు పెట్టి, తర్వాత తీరిగ్గా ఆ బ్లాకు చెరుపుకోవాలి. పైగా ఒక్కో బ్లాకుని ఇన్నిసార్లే చెరపొచ్చని లెక్క ఉంటుంది. ర్యామ్‌లో అయితే ఆ ఒక్క అంకె ఉన్న చోటికి వెళ్లి మార్చేయడమే.

పామ్ ఓఎస్ రాసినవాళ్లు ఈ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకున్నారు. అందులో మనకి తెలిసిన ‘ఫైళ్లు’ లేవు. ఉన్నవి డేటాబేసులు, వాటిలో రికార్డులు. అడ్రస్ బుక్కు ఒక డేటాబేసు, అందులో ఒక్కో మనిషి ఒక్కో రికార్డు. పాత లైబ్రరీల్లో చెక్క సొరుగుల నిండా ఉండే కార్డుల్లాగా. రికార్డు 64 కేబీ దాటకూడదు. మెమో అయితే 4 కేబీ దాటకూడదు. అందుకే ఆ రోజుల్లో పొడుగు నోట్సు రాసేవాళ్లు ‘పార్ట్ 2’ అని ఇంకో మెమో తెరిచేవాళ్లు. మీ నాన్నగారి మెమోలు దొరికితే అలాంటివి కనిపించవచ్చు, ఆశ్చర్యపోకండి. ఇంకొక మాట, పామ్ ఓఎస్‌కి తెలుగు లిపి రాదు. ఆయన తెలుగులో ఏమన్నా రాసుకుని ఉంటే అది ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది.

ఉన్న ర్యామ్‌నే లోపల రెండుగా చీల్చేవాళ్లు. ప్రోగ్రాము నడిచేటప్పుడు వాడుకునే చిన్న భాగం ఒకటి, దాన్ని డైనమిక్ హీప్ అనేవాళ్లం. తొలి మోడళ్లలో అది కొన్ని పదుల కేబీలు మాత్రమే. మిగతాదంతా స్టోరేజ్ హీప్, డేటాబేసుల ఇల్లు. పొరపాటున ఏ ప్రోగ్రామో వచ్చి స్టోరేజీని కెలకకుండా దానికి హార్డ్‌వేర్‌లోనే కాపలా ఉండేది, ఓఎస్‌ని అడిగి రాయాల్సిందే. ప్రోగ్రాములు కూడా ఉన్నచోటి నుంచే నడిచేవి. మన ఫోనులో యాప్ తెరిస్తే స్టోరేజీ నుంచి ర్యామ్‌లోకి కాపీ అయి అప్పుడు నడుస్తుంది. ఆ క్షణం ఆలస్యం అందుకే. పామ్‌లో కాపీ చేయడానికి వేరే చోటంటూ లేదు. అది అప్పటికే ర్యామ్‌లో ఉంది, అక్కడికి వెళ్లి మొదలుపెట్టడమే. ‘సేవ్’ అనే బటన్ లేకపోవడానికీ ఇదే కారణం. మీరు అక్షరం రాసిన మరుక్షణం అది దాని అసలు చోటులోనే ఉంది. 33 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉన్న ఆ డబ్బా, బటన్ నొక్కగానే తెరుచుకునే విషయంలో ఇప్పటి చాలా ఫోన్లకన్నా చురుకుగా ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

8 ఎంబీ తక్కువ కదా అంటారేమో. ఒక మనిషి పేరు, రెండు ఫోన్ నంబర్లు, అడ్రసు కలిపితే ఓ 150, 200 బైట్లు. వెయ్యి మందిని రాసుకున్నా 200 కేబీ దాటదు. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పొద్దున్నే పంపుకునే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒక్కటే అంతకంటే పెద్దదిగా ఉండొచ్చు. అక్షరాలకి చోటు అక్కర్లేదు, బొమ్మలకే చోటంతా.

ఈ ఏర్పాటులోని ప్రమాదం ఏమిటో కంపెనీకి తెలుసు. సెల్సు వేసే మోడళ్లలో, పాతవి తీసి కొత్తవి పెట్టేలోపు డేటా పోకుండా ఒక కెపాసిటర్ కాసేపు నిలబెట్టేది. ఒక నిమిషంలోపు మార్చేయాలని మాన్యువల్లో రాసేవాళ్లు. మీ ఎం505 లాంటి చార్జింగ్ మోడళ్లలో బ్యాటరీ బాగా తగ్గితే పరికరం ఆన్ అవడానికి ఒప్పుకునేది కాదు. మిగిలిన ఆ కొంచెం కరెంటుని మెమరీ కోసం దాచుకునేది. ఆ దాచిన కరెంటు కొన్ని రోజులు. ఇరవై ఏళ్లు కాదు.

నాకూ ఒకసారి దెబ్బ తగిలింది, చెబితే మీకు కొంచెం ఊరటగా ఉంటుందేమో. 2003లో నేను హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో మెడికల్ రిప్రజెంటేటివ్‌ల కోసం ఆర్డర్లు తీసుకునే ప్రోగ్రాము రాసేవాణ్ని. మావి పామ్‌లు కావు, పాకెట్ పీసీలు, అంటే మైక్రోసాఫ్ట్ విండోస్ సీఈతో నడిచే జేబు కంప్యూటర్లు. ఒక రిప్రజెంటేటివ్ మూడు రోజుల ఆర్డర్లు తీసుకుని, పరికరాన్ని నాకు ఇచ్చి ఊరెళ్లాడు. నేను దాన్ని సొరుగులో పెట్టి సంక్రాంతికి మా ఊరు వెళ్లాను. పండగ, కనుమ, ఆ పైన ముక్కనుమ అయి పది రోజులకి వచ్చి చూస్తే ఖాళీ పలక. ఆ మనిషి మళ్లీ ఆ మెడికల్ షాపులన్నీ తిరిగి ఆర్డర్లు రాసుకొచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. దాంతో నాకింకా సిగ్గేసింది. ఆ తర్వాత మా ప్రోగ్రాములో ఆర్డరు పూర్తి కాగానే మెమరీ కార్డు మీద ఒక కాపీ రాసేలా మార్చాను. అప్పటికి అదొక్కటే దారి.

పాకెట్ పీసీలదీ దాదాపు ఇదే కథ. తేడా ఏమిటంటే, వాటిలో విండోస్ సీఈ ర్యామ్‌ని ‘స్టోరేజీ’, ‘ప్రోగ్రామ్’ అని రెండుగా చూపించి మధ్యలో ఒక స్లైడర్ పెట్టేది. వేలితో జరిపి ఇటు ఎక్కువ, అటు తక్కువ చేసుకోవచ్చు. ఈ మాట ఎందుకంటే, ఈ సమాధానం చదివేవాళ్లలో ఎవరి దగ్గరైనా కాంపాక్ ఐప్యాక్ లాంటిది ఉంటే, దాని పాత మోడళ్లకీ పైన చెప్పిందే వర్తిస్తుంది. 2005లో విండోస్ మొబైల్ 5.0 వచ్చాకే వాటిలో డేటా ఫ్లాష్‌లోకి మారింది. కొన్ని ఐప్యాక్‌లలో ఫ్లాష్‌లో మిగిలిన చోటుని ‘ఐప్యాక్ ఫైల్ స్టోర్’ అనే ఫోల్డరుగా ఇచ్చారు. మీ దగ్గర అలాంటిది ఉంటే ముందు అక్కడ చూడండి, బ్యాటరీ చచ్చినా అందులోవి ఉంటాయి.

పామ్ వాళ్లు కూడా 2004లో టంగ్‌స్టన్ టీ5, ట్రియో 650లతో ఫ్లాష్‌కి మారారు. బ్యాటరీ చచ్చినా డేటా పోదని అందరూ సంతోషించారు, ఓ నెలపాటు. ర్యామ్‌లో ఇరుకిరుకుగా సర్దుకున్న చిన్న చిన్న రికార్డులు ఫ్లాష్‌లో 512 బైట్ల గళ్లలో కూర్చోవాల్సి వచ్చింది. పాత పరికరంలో సుఖంగా పట్టిన డేటా కొందరికి కొత్త ట్రియోలో పట్టలేదు. చివరికి కంపెనీ అలాంటివాళ్లకి 128 ఎంబీ ఎస్‌డీ కార్డు ఉచితంగా పంపింది.

మన బెంగళూరులో తయారైన సింప్యూటర్ గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తోంది, మీ ప్రశ్నకి సంబంధం కొంచెమే అయినా. ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ అనే కంపెనీ కలిసి లినక్స్ మీద చేసిన హ్యాండ్‌హెల్డ్ అది. ఊళ్లో అందరూ కొనలేరు కాబట్టి ఒకే పరికరాన్ని పంచుకోవాలి, ఎవరి డేటా వాళ్లది మాత్రం స్మార్ట్ కార్డులో వాళ్ల జేబులోనే ఉండాలి అన్నది వాళ్ల ఆలోచన. డేటాని యంత్రంలోంచి విడదీసి మనిషికి కట్టడం. అమ్మకాల్లో అది నిలబడలేదు గానీ నాకు ఆ ఆలోచన మీద ఇప్పటికీ గౌరవం ఉంది.

సరే, ఇక పనిలోకి వద్దాం.

మీ నాన్నగారి పాత కంప్యూటర్ ఏమైంది? డెస్క్‌టాప్ అయినా, లాప్‌టాప్ అయినా, అమ్మేసేటప్పుడు తీసి ఉంచిన హార్డ్ డిస్కు అయినా, ఆ రోజుల్లో రాసిన సీడీలైనా, అన్నీ బయటికి తీయండి. మీకు దొరికిన ఆ స్టాండు చార్జింగ్ కోసమే కాదు. దాని మీద ఒక బటన్ ఉంటుంది చూడండి, గుండ్రంగా తిరిగే రెండు బాణాల గుర్తుతో. దాన్ని నొక్కితే హాట్‌సింక్ అవుతుంది, అంటే పామ్‌లో ఉన్నదంతా కంప్యూటర్‌లోని పామ్ డెస్క్‌టాప్ అనే ప్రోగ్రాములోకి కాపీ అవుతుంది. పామ్ మొత్తం ఈ నమ్మకం మీదే కట్టారు: జేబులో ఉన్నది కాపీ, అసలుది టేబుల్ మీది కంప్యూటర్‌లో ఉంటుంది అని. స్టాండుని ఇన్నాళ్లు జాగ్రత్తగా దాచిన మనిషి ఆ బటన్ నొక్కే ఉంటారని నా నమ్మకం.

ఆ హార్డ్ డిస్కులో సీ డ్రైవ్‌లో నేరుగా గానీ, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో గానీ ‘పామ్’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో నాన్నగారి పేరులోని కొన్ని అక్షరాలతో ఇంకో ఫోల్డర్. దాని లోపల అడ్రస్, డేట్‌బుక్, మెమోప్యాడ్, టూడూ అని ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్, వాటితో పాటు బ్యాకప్ అని ఒకటి. ఇది కనిపించిందంటే మీ పని సగానికి పైగా అయిపోయినట్టే.

కనిపించగానే చేయాల్సిన మొదటి పని, ఆ పామ్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే చోటికి, ఒక పెన్‌డ్రైవ్‌లోకీ ఇంకో కంప్యూటర్‌లోకీ కాపీ చేయడం. అది అయ్యేదాకా పామ్‌ని ఆ కంప్యూటర్‌కి తగిలించకండి. ఎందుకంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్న పామ్ ఖాళీది. హాట్‌సింక్ సెట్టింగుల్లో ‘పరికరంలో ఉన్నదాన్ని కంప్యూటర్ మీద రాయి’ అన్న ఎంపిక ఒకటి ఉంటుంది. ఎప్పుడో ఎవరో అది పెట్టి ఉంటే, ఖాళీ పామ్ వెళ్లి నిండు కంప్యూటర్‌ని చెరిపేస్తుంది. నేను చూసిన కేసుల్లో డేటా బ్యాటరీ వల్ల పోయినవాటికన్నా, ఇలా ఆత్రంగా బటన్ నొక్కి పోగొట్టుకున్నవి చూస్తేనే నాకు బాధ ఎక్కువ.

కాపీలు తీసుకున్నాక పాత పామ్ డెస్క్‌టాప్ నడిచే కంప్యూటర్ ఉంటే దాన్నే తెరిచి చూడండి, పరికరం అవసరమే లేదు. విండోస్ ఎక్స్‌పీ యంత్రం అయితే మంచిది. 64 బిట్ విండోస్‌కి ఈ స్టాండు యూఎస్‌బీ డ్రైవర్ దొరక్క చాలామంది తల పట్టుకున్నారు, ఆ గొడవలోకి వెళ్లకండి. లినక్స్ తెలిసినవాళ్లు ఉంటే జే-పైలట్, పైలట్-లింక్ అనే ఉచిత ప్రోగ్రాములు ఈ పనికే ఉన్నాయి. ఏదీ కుదరకపోతే అడ్రస్, మెమోప్యాడ్ ఫోల్డర్లలోని డాట్ (.dat) ఫైళ్లు, బ్యాకప్ ఫోల్డర్లోని పీడీబీ (.pdb, పామ్ డేటాబేసు) ఫైళ్ల కాపీ ఒకటి తీసుకుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. చెత్త గుర్తుల మధ్య పేర్లు, నంబర్లు, మెమోల్లోని వాక్యాలు మామూలు అక్షరాల్లోనే కనిపిస్తాయి. ఆ రికార్డుల్లో రాతని కుదించలేదు, తాళం వేయలేదు. తేదీలు మాత్రం అలా చదవలేరు. పామ్ కాలాన్ని 1904 జనవరి 1 నుంచి లెక్కపెట్టుకుంటుంది, దానికి చిన్న ప్రోగ్రాము కావాలి.

తాళం వేయలేదన్నాను కదా, దాంట్లోనే ఒక సున్నితమైన సంగతి ఉంది. నాన్నగారు కొన్ని రికార్డులకి ‘ప్రైవేట్’ అని పెట్టి పాస్‌వర్డ్ వేసుకుని ఉండొచ్చు. పామ్ ఓఎస్‌లో అది ఒక గుర్తు మాత్రమే. తెర మీద కనపడకుండా దాస్తుంది గానీ లోపలి రాతని మార్చదు. నోట్‌ప్యాడ్‌లో అవీ కనిపించేస్తాయి. అలాగే ఆయన ఎప్పుడో తీసేసిన రికార్డులు కూడా, తీసేటప్పుడు ‘కంప్యూటర్‌లో కాపీ ఉంచు’ అన్న టిక్కు ఉంటే, ఆర్కైవ్ అనే ఫైళ్లలో మిగిలి ఉంటాయి. చదవాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. ముందే తెలిస్తే మంచిదని చెప్పాను.

కంప్యూటర్ దొరకలేదనుకోండి. పామ్ నెత్తి మీద సన్నటి గాడి ఉంటుంది, ఎస్‌డీ కార్డుకి. అందులో కార్డు ఉందేమో చూడండి. చాలామంది ఆ గాడిలో ఉండే డమ్మీ ప్లాస్టిక్ ముక్కని చూసి కార్డనుకుంటారు. నిజం కార్డే అయితే అది ఫ్లాష్, జాడీ కోవకి చెందింది, కాబట్టి ఆశ ఉంది. పక్కనున్న బుల్లి లాక్ మీటను కిందికి జరిపి, అప్పుడు కార్డ్ రీడర్లో పెట్టండి. ‘ఫార్మాట్ చేయమంటారా’ అని కంప్యూటర్ అడిగితే వద్దనండి. అందులో పామ్ అనే ఫోల్డర్ గానీ, బ్యాకప్ అనే పేరున్నవి గానీ కనిపిస్తే అవే మన పీడీబీ ఫైళ్లు. ఆ రోజుల్లో బ్యాకప్ కోసమే ప్రత్యేకంగా కార్డులు కూడా అమ్మేవాళ్లు. ఇవి కాక, 4 ఎంబీ ఫ్లాష్‌లో మిగిలిన కాస్త చోటులో డేటా దాచే ఫ్లాష్‌ప్రో లాంటి ప్రోగ్రాములు ఉండేవి గానీ అవి వాడినవాళ్లు తక్కువ. ప్రోగ్రాముల పట్టికలో అలాంటి పేరేదైనా కనిపిస్తే నాకు చెప్పండి.

పరికరాన్ని మాత్రం ఇక గమనించకుండా చార్జింగ్‌లో వదలకండి. అది ఇరవై ఏళ్లు దాటిన లిథియం బ్యాటరీ. వెనక భాగం ఉబ్బినట్టు ఉంటే తక్షణం స్టాండు మీంచి తీసేయండి.

ఇక మీ చివరి ప్రశ్న. ఇప్పటి ఫోను బీరువాలో ఇరవై ఏళ్లు ఉంటే? బ్యాటరీ చచ్చినందువల్ల డేటా పోదు, అది ఖాయం. కానీ జాడీ కూడా శాశ్వతం కాదు. ఫ్లాష్‌లో బంధించిన చార్జి చాలా నెమ్మదిగా కారుతుంది. చిప్పు ఎంత వాడి అరిగిపోతే అంత త్వరగా, చుట్టూ వేడి ఎంత ఎక్కువుంటే అంత త్వరగా. పాత కార్డుల్లో ఒక్కో గదిలో ఒక్కో బిట్టు పెట్టేవాళ్లు, ఇప్పుడు మూడు, నాలుగు బిట్లు ఇరికిస్తున్నారు. కాబట్టి కొత్త చిప్పులో చార్జి కొంచెం తగ్గినా లెక్క తప్పుతుంది. మన ఎండాకాలంలో రేకుల కింద, అటక మీద పెట్టడం అన్నిటికన్నా చెడ్డ చోటు. ఏడాదికోసారైనా ఫోను ఆన్ చేసి, ముఖ్యమైనవి ఇంకో చోటికి కాపీ చేస్తూ ఉండాల్సిందే.

అయితే మీ పిల్లలకి ఎదురయ్యే అసలు కష్టం చార్జి కారడం కాదు, తాళం. ఇప్పటి ఫోన్లలో స్టోరేజీ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. తాళంచెవి ఫోను లోపలి చిప్పుకీ, మీ పిన్ నంబరుకీ ముడిపడి ఉంటుంది. చిప్పు ఊడదీసి చదివినా చెత్త గుర్తులే వస్తాయి, నోట్‌ప్యాడ్‌లో పేర్లు కనిపించే కాలం అయిపోయింది. దొంగల నుంచి కాపాడే ఈ ఏర్పాటే మన తర్వాతివాళ్లని కూడా బయటే ఉంచుతుంది. నేను మా ఆవిడకీ, పిల్లలకీ నా ఫోను పిన్ను, బ్యాకప్ డిస్కు ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. చూసి నవ్వారు గానీ, కాగితం అక్కడే ఉంది.

కంప్యూటర్ సంగతి కనుక్కుని రాయండి. డిస్కు పాత ఐడీఈ రకమైతే, వెడల్పాటి రిబ్బన్ కేబుల్ పెట్టేది, యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ తక్కువలోనే దొరుకుతుంది. డిస్కు తిరుగుతూ టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తే మాత్రం వెంటనే ఆపేసి ముందు నాకు చెప్పండి. పామ్ ఫోల్డర్ దొరికితే, తేదీలు చదివే చిన్న స్క్రిప్టు నా దగ్గర ఉంది, ఇక్కడే పెడతాను.